మేస్త్రీతో మాట్లాడకండి

ఏమండీ,

మేస్త్రీ పదింటికి వస్తాడు. ఆయనతో మీరు ఒక్క ముక్క కూడా మాట్లాడకండి. నిన్న మీకు వచ్చీరాని ఈ ఊరి భాషలో గోడ పగులు పూడ్చమనబోయి ఏమన్నారో గానీ, పాపం ఆ మనిషి స్నానాలగది గోడంతా కూల్చేశాడు. పైగా మీరు పక్కనే నిలబడి భేష్ భేష్ అని తలూపారు!

పొద్దున అడ్డంగా దుప్పటి కట్టి స్నానానికి దిగితే అది కాస్తా గాలికి ఎగిరిపోయింది. ఒంటినిండా సబ్బుతో నేను, ఎదురుగా గొర్రెలతో పక్కింటి ముసలాయన. మర్యాదస్తుడు, టోపీ తీసి మరీ పలకరించాడు.

టార్పాలిన్ కొనడానికి టౌనుకి వెళ్తున్నాను. సాయంత్రం బస్సుకి గానీ రాను. అందాకా మీరు స్నానం జోలికి పోకండి. మేస్త్రీ ఏమడిగినా ఇటుకలు పేర్చినట్టు చేతులు తిప్పండి చాలు. రిటైరయ్యాక దేశం కాని దేశంలో హాయిగా ఉందామన్నారు, ఇదేనా హాయి?

అన్నట్టు, అక్క ఫోన్ చేసింది. "ఆ పాడుకొంప వదిలేసి వచ్చేయవే" అంది. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. రోజుకి పదిసార్లు నేనంటాను, అది వేరు. మన ఇంటిని పాడుకొంప అనడానికి తనెవరట?