ట్రస్టు బియ్యంతో నా విందు

గుడియాత్తం, ఆదివారం రాత్రి

నా బిడ్డ లక్ష్మి ఆడిటరు పరీక్ష పాసయినాదప్పా! ఆ సంతోషంలో కాలు నేల మీద నిలవలా. చుట్టాలందరికీ విందు పెడితిని. బియ్యం మాత్రం మా ఊరోళ్ళ సంగం నడిపే ట్రస్టువి. వేలూరికి వైద్యానికి వచ్చేవాళ్ళకు అక్కడే తొరపాడిలో అన్నం పెట్టే ట్రస్టు అది, దానికి పెద్దను నేనే. నా చేతి కిందదే గదా అని రెండు మూటలు తెచ్చేస్తిని.

వడ్డించేటప్పుడు లక్ష్మి మూట మీద ట్రస్టు పేరు చూసింది.

"నాయనా, ఈ బియ్యం మన ఇంటికి ఎట్ల వచ్చినాయి?"

"మన ట్రస్టువే అమ్మా. ట్రస్టుకు టాక్సు గూడా లేదు."

"ఎందుకు లేదు నాయనా? ట్రస్టు సొత్తు దాని పెద్దలు ఇంటికి వాడుకోరనే నమ్మకంతోనే సర్కారు టాక్సు వదిలిపెట్టింది. నువ్వు వాడుకుంటివే!"

పంక్తిలో నా బామ్మర్ది గట్టిగా నవ్వినాడు. "బావా, బిడ్డ మొదటి ఆడిటు నీకే చేసిందే!"

అందరూ నవ్విరి. నాకు తల ఎత్తబుద్ధి కాలా.

బియ్యం కొని రేపే ట్రస్టులో తిరిగి పెట్టేస్తానంటిని. "పెట్టు నాయనా. సంగం వాళ్ళందరికీ చెప్పి పెట్టు" అనింది లక్ష్మి. ఎంత బాగా అడిగింది నా తల్లి! సిగ్గుతో చస్తా ఉన్నా, మురిసిపోతానే ఉన్నా.

రేపు తనూ తోడు వస్తానంటే వద్దంటిని. తప్పు చేసినానని ఆ బిడ్డ ముందర సంగం వాళ్ళకు నా నోటితో ఎట్ల చెప్పేది...