ఓడ వచ్చేదాకా

ఏప్రిల్ 13, దుర్గాపూర్

ఇక్కడి బడిలో చదివే షెరిన్‌కి మరాఠీ తప్ప చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. నా కూతురు చదవకూడనివి కొన్ని ఉంటాయి.

ప్రిన్స్ వీడియో కాల్ చేశాడు. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డోజర్ నడిపిన మా ఆయన ఇప్పుడు అంటార్కిటికాలో మంచు మీద నడుపుతున్నాడు. జిందగీల ఒక్కపారన్న మంచు చూడాలె హెలెన్, అని మొండికేసి పోయాడు. ఫోన్‌లో నా చెమట చూసి నవ్వాడు.

మే 11

నలభై ఆరు డిగ్రీలు. కరెంటు లేదు. అత్తమ్మ తడి చీర కప్పుకుని నేల మీదే పడుకుంది.

ఫోన్‌లో ఆయన గొంతు తేడాగా ఉంది. ఈపాటికి సముద్రం గడ్డకట్టి బండ్లకు దారయ్యేదట. ఈసారి ఇంకా పగుళ్లేనట. పాతోళ్లు సుత గిట్ల ఎన్నడు సూడలేదంటుండ్రు, అన్నాడు. ఆ మంచు మీదికి పోవద్దన్నాను. డ్యూటీ గదా, అన్నాడు.

మే 24

మంచు విరిగింది. బండితో పాటు ఆయన

మే 25

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

ఆఫీసర్ హిందీలో చెప్పాడు. తోటివాళ్లు బాడీని బయటికి తీశారట. కానీ అక్కడ ఇప్పుడు చలికాలం. ఓడ రాదు, విమానం దిగదు. డిసెంబర్ దాకా మంచులోనే ఉంచుతారట. సురక్షిత్, సురక్షిత్ అని పదే పదే అన్నాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. మట్టి చేద్దామంటే మనిషి ఇక్కడ లేడు. వచ్చినవాళ్లు ఏం చేయాలో తోచక మజ్జిగ తాగి వెళ్లారు.

జూన్ 8

టీవీలో ధ్రువాల మంచు చూపించారు. కొండంత ముక్క విరిగి సముద్రంలో కూలింది. నీళ్లు పొంగి ఊళ్లు మునుగుతాయట, వానలు గతి తప్పుతాయట. అత్తమ్మకు అవేవీ ఎక్కలేదు. నా చెయ్యి పట్టుకుంది. గా ఐసు కరుగుతుందంటుండ్రు గద బిడ్డా, మరి నా కొడుకు ఆడ ఎట్లుంటడు, అంది.

ఆయన ఉన్నచోట కరగదని చెప్పాను. నాకేం తెలుసు.

జూలై 2

బొగ్గు కాల్చడం వల్లే మంచు కరుగుతుందని షెరిన్‌కి బడిలో చెప్పారు. అన్నం తింటూ అడిగింది, మరి పప్పా తవ్విన బొగ్గు వల్లే పప్పా... అని. పూర్తి చేయలేదు. పప్పా ఒక్కడే తవ్వలేదు, ఆ బొగ్గుతోనే మన ఫ్యాన్ తిరుగుతుంది, అన్నాను.

లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేసింది. ఇద్దరం ఉక్కలోనే తిన్నాం.

అక్టోబర్ 5

అత్తమ్మ ఈరోజూ అడిగింది, ఆడ ఎండ ముదిరిందా అని.

డిసెంబర్ 20

మట్టి చేశాం.

అంతకుముందు ఇంట్లో పెట్టె తెరిచారు. ఆయన ఏమీ మారలేదు. అత్తమ్మ ఆయన ముఖం తడిమి, వీడే, నా కొడుకే, అంది.

షెరిన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఈ ఏడాదిలో నా భుజం దాకా ఎదిగింది. పప్పా తనని గుర్తుపడతాడా అని అడిగింది.