బియ్యం కుండలో బండ్లు

దసరా, రాత్రి

నా రాత వంకర, అక్షరాలూ తప్పులు. నాలుగో తరగతిలోనే బడి మాన్పించారు, ఏమనుకోవద్దు.

ఆయన కిరాయి వ్యాను నడుపుతారు. హైదరాబాదు వెళ్లినప్పుడల్లా పాత సామాన్ల సంతలో నా కోసం చిన్న ఇనుప వ్యాను బొమ్మ ఒకటి కొని తెస్తారు. ఇప్పటికి తొమ్మిది బండ్లయ్యాయి. పెళ్లయినదానికి ఆటబొమ్మలేమిటని అత్తమ్మ ఎవరికైనా ఇచ్చేస్తుందేమోనని బియ్యం కుండ అడుగున దాచాను.

ఈరోజు ఆయుధ పూజకు ఆయన పానా, జాకీ కడిగి పీట మీద పెట్టారు. అత్తమ్మ బియ్యం తీయబోతే బండ్లు చేతికి తగిలాయి.

"ఇవి ఎవలియే?"

"నావే అత్తమ్మా" అన్నాను, తల దించుకుని.

ఆమె అన్నిటినీ జాకీ పక్కన వరుసగా పెట్టింది. "చిన్నదైతేంది, బండి బండే గద. పూజ లేకుంట కుండల పెడ్తరా?" అని పసుపు అందుకుంది.

"జర తక్కువ పెట్టుండ్రి, రంగు పోతది" అనేశాను. ఆమెకు ఎదురుచెప్పడం ఇదే మొదలు.

"గట్లనా? అయితే నువ్వే పెట్టు."

ఆవగింజంత బొట్లు పెట్టాను. ఆయన నవ్వాపుకుంటూ జాకీని మళ్లీ తుడిచారు.

ఇప్పుడవి గూట్లో అందరికీ కనబడుతున్నాయి. పక్కింటి పిల్లలు ఒకటిమ్మంటే కాదనగలనా...

ఈ కాగితం ఎవరికి దొరికినా చదవకుండా పొయ్యిలో వేయండి. ఆయనకు దొరికితే మాత్రం, చదివాకే.