నంద్యాలకు పోయిన మా తమలపాకు

ఆళ్లగడ్డ,
14-9-1979

నాయనకు మార్తమ్మ వందనాలు. ప్రభువు కృపతో ఇక్కడ అందరం బాగున్నాం.

నువ్వు ఇచ్చిన మడిలో తమలపాకు వేసి ఏడాది దాటినా దుడ్లు కనబడలేదని, పార పట్టుకొచ్చి తీగలన్నీ పీకి శనగ వేయిస్తానని రాశావు. నీ కోపం న్యాయమే. సాయంత్రం కోసి బస్సు టాపు మీద వేసిన ఆకు నంద్యాల చేరేసరికి వడలిపోయి సగం ధరే పలికేది. నిన్న మాత్రం తెల్లవారుజామునే కోసి, తడిపిన అరటాకుల్లో చుట్టి, గంపను నా సీటు కిందే పెట్టుకున్నాను. కండక్టరు గొణిగాడు. నేను కదల్లేదు.

ఆకుల దుకాణం మస్తాన్ సాహెబు ఒక తొడిమ విరిచి చూశాడు. "ఇప్పుడే కోసినట్టుండాదే, యాడిదమ్మా ఈ ఆకు? దినామూ ఇట్లే తెస్తే రెండింతలు ఇస్తా" అన్నాడు. ఆయన మనసు మారకముందే సరేనన్నాను. తిరుగు బస్సులో ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని నాలో నేనే నవ్వుకుంటుంటే, పక్కన కూర్చున్నామె కొంచెం దూరం జరిగింది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? జున్ను పాలు మాకూ దాచమను.

ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరి రా నాయనా. పార మరిచిపోవద్దు. తోట పక్కన ఇంకో పది సాళ్లు తవ్వాలి.

నీ కూతురు
మార్తమ్మ