డగ్లస్ పేరిట తగ్గింపు

బాంగర్, మంగళవారం

నాన్నా, నేను క్షేమం. కొత్త కంప్యూటర్ మన ఇంటికి వచ్చినట్టే, దిగులు పడకు. కెనడాలో పాతది కొన్నవాళ్ళకి కొత్తదాని మీద కంపెనీ ఇచ్చే తగ్గింపు సరిహద్దుకు ఇవతల, ఇక్కడ అమెరికాలో కూడా చెల్లుతుందట. కానీ అది కొన్నప్పుడు కంపెనీకి పంపే వారంటీ కార్డు మీద, కొన్నవారి పేరు దగ్గర, నువ్వు వేళాకోళానికి మన కుక్క పేరు రాశావు కదా!

"డగ్లస్ గారొచ్చి సంతకం పెట్టాలండీ" అంది కొట్లో అమ్మాయి.

"ఆయన పెట్టలేరమ్మా, కుక్క" అన్నాను.

పడీపడీ నవ్వి, "ఆ పేరు మీద ముద్ర ఉన్న కాగితం ఏదైనా తెండి, చాలు" అంది.

డగ్లస్‌కి రేబిస్ టీకా వేయించినప్పుడు డాక్టరు ముద్ర కొట్టిచ్చిన కాగితం వంటింటి సొరుగులో ఉంది, వెంటనే పంపు. గడువు నెలాఖరు. అమ్మ మోకాలు ఎలా ఉంది? కొళాయి ఇంకా కారుతోందా?

డగ్లస్ గారికి నమస్కారాలు. ఇకమీదట ఆయన్ని సోఫా మీంచి దిగమనకు.

నీ కొలీన్