అక్క కోసం చూసిపెట్టిన దీవి

అక్కా,

నీకూ బావకూ నీ చెల్లెలు కాశింబీ సలాములు. మీరంతా బాగున్నారని బావ ఫోనులో చెప్పాడు గానీ, ఆయన దేన్నడిగినా బాగుందనే అంటాడు కదా, అందుకని నీ చేతిరాత చూస్తేనే నాకు నమ్మకం. మీ అత్తమ్మ గారికి కంటి కట్టు విప్పారా? చుక్కల మందు మానకుండా వేయించు. నేను మాత్రం నిక్షేపంగా ఉన్నాను. చిక్కిపోలేదు, నల్లబడ్డానంతే. నల్లబడకుండా మాల్దీవుల్లో ఎవరూ ఉండలేరు, పైగా రోజూ ఎండలో పిల్లల్ని వరసలో నిలబెట్టేది నేనే.

బడిలో పని బాగానే సాగుతోంది. ఈ ఏడు పై తరగతులకు కూడా సైన్సు నన్నే చెప్పమన్నారు. పిల్లలకు నా ఇంగ్లీషు అలవాటైపోయింది, నాకు వాళ్ళ అల్లరి అలవాటైపోయింది. తిండి సంగతి అడుగుతావని తెలుసు. పొద్దున చేప, మధ్యాహ్నం చేప, సాయంత్రం బజ్జీ తిందామన్నా అందులోనూ చేపే. కూరగాయలు రాజధాని మాలె నుంచి పడవలో వస్తాయి, వంకాయ కనబడిన రోజు మాకు పండగ. నువ్వు పంపిన కారం డబ్బా అడుగు కనబడుతోంది. శుక్రవారం బడి ఉండదు. జుమ్మా నమాజు అయ్యాక ఊరంతా తలుపులేసుకుని పడుకుంటుంది. అప్పుడే కాస్త ఇల్లు గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో తీరికే ఉండదు, కాబట్టి నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఫోను చేసినప్పుడు నువ్వు హలో అనడం కంటే ముందు నీ దగ్గు వినబడింది. గుంటూరు డాక్టరు నిన్ను కొన్నాళ్ళు దూది దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. నువ్వేమో ముక్కుకు చీర కొంగు కట్టుకుని మళ్ళీ దూది ఏకే మిషను దగ్గరే కూర్చుంటున్నావు. అందుకే మార్చిలో మా బడికి చిన్న సెలవులు రాగానే నిన్ను ఇక్కడికి రప్పించాలని నిశ్చయించుకున్నాను. అందులో రెండు రోజులు సముద్రం ఒడ్డున ఊరికే కూర్చోవడానికి ఒక చిన్న దీవి కూడా చూసిపెట్టాను.

ఉండేదే దీవిలో, మళ్ళీ ఇంకో దీవి ఏంటే అని నవ్వకు. మేముండే దీవి నిండా ఇళ్ళు, కరెంటు కోసం పగలూ రాత్రీ తిరిగే జనరేటరు, రేవులో పడవల పొగ. నేను చూసిన దీవిలో ఒకటే ఇల్లు. అన్నం ఉడికేలోగా దాన్నంతా చుట్టి రావచ్చు. నా తరగతిలో ఒక అమ్మాయి ఉంది, వాళ్ళ తాత అక్కడి కొబ్బరిచెట్లను కౌలుకు తీసుకున్నాడు. కాపలా ఉండే మొగుడూ పెళ్ళాం తప్ప ఇంకెవరూ లేరు. ఆ అమ్మాయి తల్లి ఆమినా నా చేయి పట్టుకుని, “మీ అక్క వస్తే మా ఇంటి చుట్టమే” అంది.

నువ్వు ఫోనులో అన్న మాట నేను మర్చిపోలేదు. “పడవ నా వల్ల కాదే కాశింబీ, కాలవ మీద బల్లకట్టు ఎక్కితేనే నాకు కళ్ళు తిరుగుతయ్” అన్నావు. నిన్ను ఎక్కించే ముందు నేను ఎక్కి చూడాలి కదా. మొన్న శుక్రవారం పొద్దున్నే సరోజ గారిని వెంటేసుకుని బయల్దేరాను. సరోజ గారు మా బడిలో ఇంగ్లీషు చెబుతారు, ఊరు ఒంగోలు, నా పక్క గదిలోనే ఉంటారు. ఆవిడ గొంతు రేవు దాకా వినబడుతుంది.

పడవ నడిపేది ఇబ్రహీం అని ఆమినా తమ్ముడు. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ మాట్లాడతాడు. మా ఇద్దరికీ నారింజ రంగు తేలే కోట్లు తొడిగించాడు. దీవి కనబడేదాకా హాయిగా పోయాం. ఆ తర్వాత ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. ఇబ్రహీం తాడు లాగాడు, మళ్ళీ లాగాడు, లాభం లేదు. పడవ తనంతట తను పక్కకు కొట్టుకుపోతోంది.

“ఓరి నాయనో! కాశింబీ, నాకు ఈత రాదు” అన్నారు సరోజ గారు.

“నాకూ రాదండీ.”

“మరి ఇద్దరం దేనికొచ్చామే తల్లీ!”

నీ దగ్గర దాచడం దేనికి, పడవ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. దువా చదువుకుంటున్నాను గానీ సగంలో మాటలు మర్చిపోతున్నాను. ఇంతలో ఇబ్రహీం చొక్కా విప్పి ధబేలున నీళ్ళలోకి దూకాడు. సరోజ గారు పెద్ద కేక పెట్టారు. చూస్తే అతను నిలబడి ఉన్నాడు! నీళ్ళు ఛాతీ దాకానే ఉన్నాయి. నవ్వుతూ పడవ తాడు భుజాన వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. ఆ దీవి చుట్టూ చాలా దూరం లోతు లేదట. ఆ మాట మాకు ముందే చెబితే వాడి సొమ్మేం పోయేది?

కొంచెం దూరం లాగేసరికి నీళ్ళు అతని నడుం దాకా దిగాయి. కానీ అతను బాగా అలిసిపోయాడు. నేనూ దిగుతానన్నాను. “దిగబాక, దిగబాక” అని సరోజ గారు నా చున్నీ పట్టుకున్నారు. చున్నీ ఆవిడ చేతిలోనే వదిలేసి దిగాను. అక్కా, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కింద మెత్తని ఇసుక. వంగి చూస్తే నా కాలి వేళ్ళు కనబడుతున్నాయి, వాటి పక్కనుంచి చిన్న చిన్న చేపలు పోతున్నాయి. ఇన్నాళ్ళూ ఈ సముద్రం మధ్యన ఉండి కూడా మడమ దాటి తడవని దాన్ని, ఆ రోజు పడవ వెనక చేయి వేసి ఒడ్డు దాకా నెట్టాను. కాసేపటికి సరోజ గారు కూడా దిగి, “ఇంతేనా సముద్రం!” అంటూ నాకంటే గట్టిగా నెట్టారు. కాపలా ఆయన భార్య మమ్మల్ని చూసి కూలబడి నవ్వింది.

ఆ ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. ముందు వసారాలో తాళ్ళతో అల్లిన పడక కుర్చీలు, తలుపు తీస్తే ఎదురుగా తెల్లటి ఇసుక. ఆవిడ కొబ్బరి వేసి రొట్టెలు కాల్చి పెట్టింది. తిని అలా వాలి ఎంతసేపు పడుకున్నానో నాకే తెలియదు. సముద్రపు గాలి మందని నేను చెప్పను. దూది లేని గాలి అని మాత్రం ఖాయంగా చెబుతాను. ఇబ్రహీం ఇంజను విప్పి బాగుచేశాడు, ఎండ ఉండగానే ఇంటికి చేరాం. నువ్వు వచ్చినప్పుడు మన పడవ వెంట ఇంకో పడవ కూడా ఉండాలని అతనితో ఒట్టు వేయించుకున్నాను. బయటి దేశం మనిషి అక్కడ రెండు రాత్రులు ఉండాలంటే మా దీవి కౌన్సిలు ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. “కారణం?” అని అడిగారు. “మా అక్కకు విశ్రాంతి” అన్నాను. అక్కడి ఆఫీసరు ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు.

ప్రయాణం గురించి దిగులు వద్దు. సరోజ గారు తమ్ముడి పెళ్ళికి ఒంగోలు వస్తున్నారు, ఈ ఉత్తరం ఆవిడే తెస్తారు. తిరుగు ప్రయాణంలో నువ్వు ఒంగోలులో ఆవిడతో రైలెక్కితే తిరువనంతపురం, అక్కణ్ణుంచి విమానం. విమానం దిగగానే పడవ ఎక్కాలి, అది దాచను. కానీ అక్కడ నేనుంటాను. పాస్‌పోర్టు బీరువాలో చీరల కింద ఉంది, హజ్‌కని బావ చేయించిందే. ముందు అక్కడికి పోకుండా ఇక్కడికా అంటావేమో. ఆ ప్రయాణానికి ఒంట్లో ఓపిక కావాలక్కా, ముందు అది తెచ్చుకో.

పెళ్ళిళ్ళ సీజను, పరుపుల ఆర్డర్లు అనబోతున్నావని తెలుసు. నిన్న బావ సెల్లుకు చేశాను. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేస్తున్నాను. “మిషను చప్పుడులో దాని దగ్గు నాకు వినపడదనుకుంటంది. ఎంత చప్పుడులో ఉన్నా వినపడుద్దమ్మా. నేనింకో మనిషిని పెట్టుకుంటా. నువ్వు దాన్ని ఎట్టాగైనా రప్పించు” అన్నాడు.

వచ్చేటప్పుడు ఈ ఏటి కొత్త మిరపకాయల కారం, గోంగూర పచ్చడి, ఆమినాకు ఒక చీరాల చీర తీసుకురా. నీకు రెండు నూలు చీరలు చాలు. పట్టువి వద్దు, తడుస్తాయి.

మీ అత్తమ్మ గారికి, మామయ్యకి నా సలాములు చెప్పి, నా కోసం దువా చేయమను. బావకు ప్రత్యేకంగా చెప్పు.

మా అక్క వస్తోందని నిన్న తరగతిలో చెప్పేశాను. ఆవిడ ఏం చేస్తారని పిల్లలు అడిగారు. పరుపులు కుడుతుంది, మా ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఇంట్లో ఆవిడ కుట్టిన పరుపు మీదే పడుకుంటారు అన్నాను. ముందు బెంచీలో పిల్ల లేచి, “మరి ఆవిడెప్పుడు పడుకుంటారు మిస్?” అంది. ఆవిడనే అడుగుదువులే అన్నాను. వచ్చాక దానికి నువ్వే చెప్పాలి.

నీ దీవెనలు కోరే,
రేవులో నీకోసం నిలబడి ఉండే
చెల్లెలు కాశింబీ