రెండోసారి కాంటా

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఎం.ఏ. ఎంట్రెన్సులో నాకు చాలా తక్కువ మార్కులు వచ్చాయి. అయినా సీటిస్తున్నట్టు యూనివర్సిటీ నుంచి కార్డు వచ్చింది. నేను నమ్మలేదు. నా పేరే ఉన్న ఇంకో అమ్మాయి కార్డేమో, మామ ఎవరితోనైనా చెప్పించాడేమో అని అనుమానం.

"వచ్చిన సీటు నాదేనా అని ఎవలన్న అడుగుతరా? గుంజుకుంటే ఏం జేస్తవ్?" అన్నాడు అన్న.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండి నీ అంచనాకన్నా ఎక్కువ తూగినా నువ్వు మళ్లీ కాంటా పెట్టించేవాడివి. వెనక బండ్లవాళ్లు తిట్టేవాళ్లు. నీ పక్కన నిలబడి సిగ్గుతో తల వంచుకునేదాన్ని.

నిన్న హైదరాబాదు వెళ్లి, ఆఫీసులో మళ్లీ చూడమన్నాను. గుమాస్తా రిజిస్టరు తీశాడు.

"నీదే బిడ్డా. పేపరే కష్టమొచ్చింది, అందరికి తక్కువే."

హాల్ టికెట్ నంబరు పైకి చదవమన్నాను. నా వెనక వరుసలో విసుక్కున్నారు. ఆయన ఒక్కో అంకె చదువుతుంటే నా హాల్ టికెట్‌తో సరిచూసుకున్నాను.

ఈసారి తల వంచుకోలేదు బాపూ.

నీ బిడ్డ